మనుషులు వాళ్లే, షెడ్డు అదే: ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీలో మారిందేమిటి?

రోజూ ఐదుగురిలో ఒకరు పనికి రారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ (జీఎం) కార్ల ఫ్యాక్టరీ 1982లో మూతపడేనాటికి పరిస్థితి అది. గైర్హాజరు 20 శాతం దాటడంతో, కార్లు వరసగా బిగించే లైన్ నడవడం కోసం అవసరానికి మించి ఐదో వంతు మందిని అదనంగా పెట్టుకోవలసి వచ్చేది. యూనియన్ ద్వారా వచ్చిన ఫిర్యాదులు తరచూ 5,000కు పైగా తేలకుండా పడి ఉండేవి. 1963లో మొదలైన ఆ ఫ్యాక్టరీ చెప్పాపెట్టకుండా జరిగిన సమ్మెలతో, మూకుమ్మడి సిక్ లీవులతో నాలుగుసార్లు ఆగిపోయింది. తలుపు రేకుల మధ్య ఖాళీ కూల్‌డ్రింక్ సీసా పడేసి బిగించేవాళ్లమని, కొన్నవాడు బండి నడిపినంతకాలం లోపల అది లొడలొడలాడేదని ఆ లైన్ మీద పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు.

1984 డిసెంబరులో అదే షెడ్డులోంచి మళ్లీ కార్లు రావడం మొదలైంది. ఈసారి అది జీఎం, టొయోటాల ఉమ్మడి సంస్థ. పేరు న్యూ యునైటెడ్ మోటార్ మాన్యుఫాక్చరింగ్, అందరూ పిలిచేది నుమ్మీ అని. నడిపే బాధ్యత టొయోటాది. తీసుకున్న కార్మికుల్లో దాదాపు 85 శాతం పాత ఫ్యాక్టరీవాళ్లే. యూనియన్ కూడా పాతదే, యునైటెడ్ ఆటో వర్కర్స్. స్థానిక నాయకులు కూడా వెనక్కి వచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి గైర్హాజరు 3–4 శాతానికి దిగింది. ఒక కారు బిగించడానికి పట్టే శ్రమ 20 గంటలకు అటూ ఇటూగా ఉంది. అదే కాలంలో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ జీఎం ఫ్యాక్టరీలో అది 40 గంటలు దాటేది. జపాన్‌లోని టకావోకా టొయోటా ఫ్యాక్టరీలో 18 దగ్గర ఉండేది.

ఉద్యోగుల విలువలు, వైఖరులు పని మీద ఎలా తేలతాయో చూడడానికి ఇంతకంటే శుభ్రమైన కేసు అరుదు. మామూలుగా రెండు సంస్థలను పోల్చినప్పుడు మనుషులు వేరు, ఊరు వేరు, యూనియన్ వేరు. దేనివల్ల ఏమైందో విడదీయలేం. ఇక్కడ ఆ మూడూ మారలేదు. యంత్రాలు కూడా జీఎం అప్పట్లో కడుతున్న కొత్త రోబో ఫ్యాక్టరీలంత ఆధునికమైనవేమీ కావు.

రోగం ఎక్కడుందనుకున్నారు

పాత ఫ్రీమాంట్‌ను చూసినవాళ్లెవరికైనా 'వీళ్లకు పని మీద గౌరవం లేదు' అనే అనిపిస్తుంది. అంటే లోపం విలువల్లో ఉందని తీర్పు. ఇక్కడే మొదటి పొరపాటు. విలువ వేరు, వైఖరి వేరు. చేసే పని శుభ్రంగా ఉండాలి, నా మాటకు లెక్క ఉండాలి, ఇంటికి నికరంగా డబ్బు రావాలి: ఇవి విలువలు. చిన్నప్పటి నుంచి పేరుకుంటాయి, ఫలానా వస్తువుకో మనిషికో కట్టుబడి ఉండవు, ముప్ఫై ఐదేళ్లొచ్చాక రెండేళ్లలో మారిపోయేవి కావు. వైఖరికి ఎప్పుడూ ఒక గురి ఉంటుంది: ఈ ఫోర్‌మన్ మీద, ఈ షిఫ్ట్ మీద, ఈ కంపెనీ మీద. ఆ గురి గురించి మనిషి ఏం నమ్ముతున్నాడు, ఏమనిపిస్తోంది, దానితో ఎలా మసలాలనుకుంటున్నాడు అన్న మూడూ కలిస్తే వైఖరి. అది నెలల్లో మారగలదు.

అదే మనుషులు రెండేళ్లలో ఇలా తయారయ్యారంటే మారింది విలువలు కావు. ఆ విలువలు అప్పటికే ఉన్నాయి, బయటికి రావడానికి దారి లేదు. మనస్తత్వవేత్త ఎడ్విన్ లాక్ 1976లో ఉద్యోగ సంతృప్తిని వివరించిన తీరు ఇక్కడ బాగా పనికొస్తుంది: మనిషి కోరుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడాను, ఆ విషయం అతనికి ఎంత ముఖ్యమో దానితో గుణించి చూడాలి. లెక్క కోసం ఒక ఉదాహరణ. జీతం ముఖ్యత్వం 5, తేడా 0 అయితే అసంతృప్తి సున్నా. మాట చెల్లుబాటు ముఖ్యత్వం 4, తేడా 4 అయితే 16. క్యాంటీన్ ముఖ్యత్వం 2, తేడా 4 అయితే 8. పాత ఫ్రీమాంట్‌లో జీతం సమస్య కాదు. అమెరికా ఫ్యాక్టరీ కూలీల్లో మంచి జీతాలు వాళ్లవి. తేడా అంతా రెండో వరసలో ఉంది.

జీతం బాగుండడం వల్లే ఆ అసంతృప్తి వింత దారి పట్టింది. నచ్చని చోట మనిషి చేయగలిగినవి నాలుగు: వదిలి వెళ్లడం, నోరు విప్పి చెప్పడం, బాగుపడుతుందేమోనని ఓపిక పట్టడం, పని పట్టించుకోకపోవడం. ఆ జీతం మళ్లీ బయట దొరకదు కాబట్టి వెళ్లలేరు. నోరు విప్పితే అది ఐదువేల ఫిర్యాదుల కట్ట కింద పడుతుంది. ఓపికకు ఆధారం లేదు. మిగిలింది నాలుగోది: సోమవారం రాకపోవడం, బోల్టు వదిలేయడం, సీసా పడేయడం. గైర్హాజరు ఎక్కువై, రాజీనామాలు తక్కువగా ఉన్న సంస్థ కనిపిస్తే ముందు అడగవలసిన ప్రశ్న 'వీళ్ల నోరు ఎక్కడ మూతపడింది?' అన్నది. రాజీనామాల సంఖ్య తక్కువగా ఉందని మురిసిపోయే మేనేజర్లు ఈ ఒక్క లెక్క దగ్గర తరచూ మోసపోతారు.

ఏమేం చేశారు

నియామకం నుంచి చూద్దాం. దరఖాస్తు చేసినవాళ్లకు మూడు రోజుల పరీక్ష: లైన్ పనిని పోలిన అభ్యాసాలు, గుంపు చర్చలు, రాతపరీక్ష, ఇంటర్వ్యూలు. ఎంపిక తతంగంలో యూనియన్‌కూ పాత్ర ఉంది. ఇలా వడపోశారు కాబట్టే బాగుపడిందని కొందరంటారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది: రెండేళ్లు పనిలేక ఇంట్లో కూర్చున్నాక వచ్చినవాడికి ఉద్యోగం విలువ తెలుస్తుంది. కానీ భయం మూడు నెలలు పనిచేస్తుంది, ఆరు నెలలు పనిచేస్తుంది. నాలుగో ఏడాదికి అది గైర్హాజరును 3 శాతం దగ్గర పట్టి ఉంచలేదు.

చేరినవాళ్లందరికీ నాలుగు రోజుల పరిచయ శిక్షణ. టీమ్ లీడర్లు, గ్రూప్ లీడర్లు కలిపి సుమారు 450 మందిని మూడేసి వారాలు టకావోకా పంపారు. అక్కడ వాళ్లు క్లాసులో కూర్చుని నేర్చుకున్నదానికంటే లైన్ మీద చూసిందే ఎక్కువ. ఒక పనివాడు చిక్కుపడితే పక్కవాడు, పైవాడు తిట్టకుండా వచ్చి సాయంపట్టడం వాళ్లు అంతకుముందు ఎరగరు.

పాత ఫ్యాక్టరీలో ఉద్యోగ వర్గీకరణలు 80కి పైగా ఉండేవి. ఫలానా వర్గంవాడు ఫలానా స్క్రూ మాత్రమే తిప్పాలి. నుమ్మీలో ఉత్పత్తి పనంతటికీ ఒకే వర్గీకరణ. ఐదు నుంచి ఏడుగురితో ఒక టీమ్, అందులోనే ఒక టీమ్ లీడర్. అలాంటి నాలుగు టీములకు ఒక గ్రూప్ లీడర్. టీమ్ లోపల పనులు మార్చుకుంటూ చేస్తారు. ఇది యూనియన్ వదులుకున్న పెద్ద హక్కు. దానికి బదులుగా దక్కినది ఒప్పందంలో రాసిన ఒక హామీ. కంపెనీ మనుగడకే ముప్పొస్తే తప్ప ఉద్యోగాలు తీసేయరు. తీసేసే ముందు అధికారుల జీతాలు తగ్గిస్తారు, బయటికిచ్చిన పనులు వెనక్కి తెచ్చుకుంటారు. ఆ వరస ముఖ్యం. కోత ముందు పైన మొదలవుతుందని కాగితం మీద ఉంది.

అధికారులకు వేరే భోజనశాల లేదు, వేరే పార్కింగ్ లేదు. ఇది చూడడానికి చిన్న విషయం. 'మనమంతా ఒకటే' అని గోడ మీద రాసి, మధ్యాహ్నం ఏసీ గదిలో వేరుగా తింటే ఆ గోడరాత ఎవరూ నమ్మరు. దాన్ని తీసేస్తే కొత్తగా నమ్మమని అడగాల్సిన పనే ఉండదు.

హాజరు నియమం మాత్రం కరకుగా ఉండేది. 90 రోజుల్లో మూడు అనుమతి లేని గైర్హాజర్లు ఒక తప్పిదం కింద లెక్క. ఏడాదిలో అలాంటివి నాలుగైతే ఉద్యోగం పోతుంది. నుమ్మీని తలుచుకునేటప్పుడు లైన్ ఆపే తాడు (దాని సంగతి కింద వస్తుంది), టీమ్ గురించే చెప్పి ఈ భాగం దాటేస్తుంటారు. అలా దాటేస్తే కేసు సగమే అర్థమవుతుంది. ఐదుగురి టీములో ఒకడు రాకపోతే మిగతా నలుగురి మీద పడుతుంది. నియమం కాగితం మీద కంపెనీది, అమలు మాత్రం పక్కవాడి చూపుది.

తాడు, స్టాప్‌వాచ్

ఈ కేసులో ఎక్కువసేపు ఆగవలసినవి రెండే.

మొదటిది ఆండాన్ తాడు. లైన్ పొడవునా పనివాడి చేతికందేలా వేలాడుతుంది. బోల్టు సరిగా కూర్చోలేదు, భాగం పొరపాటుది వచ్చింది, వెనకబడ్డాను అనిపిస్తే లాగుతాడు. పైన బోర్డు మీద ఆ స్టేషన్ దీపం వెలుగుతుంది, ఒక సంగీతం మోగుతుంది. టీమ్ లీడర్ వచ్చేస్తాడు. లైన్ వెంటనే ఆగదు. కారు ఆ స్టేషన్ గీత దాటేలోపు ఇద్దరూ సరిచేస్తే తాడు మళ్లీ లాగి దీపం ఆర్పేస్తారు, సరికాకపోతే ఆ గీత దగ్గర లైన్ ఆగుతుంది. పాత ఫ్రీమాంట్‌లో లైన్ ఆపడం ఉద్యోగం పోగొట్టుకునే నేరంతో సమానం. లోపంతోనే కారు ముందుకు సాగేది. చివర్లో మరమ్మతు యార్డులో విప్పి మళ్లీ బిగించేవాళ్లు.

ఇందులో వైఖరికి సంబంధించిన సంగతేమిటంటే, 'పని శుభ్రంగా చేయాలి' అనే విలువ ఉన్నవాడు పాత లైన్ మీద రోజుకు వందలసార్లు తన విలువకు విరుద్ధంగా నడుచుకోవలసి వచ్చేది. మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో చెప్పినట్టు, చేసే పనికీ నమ్మేదానికీ పొసగనప్పుడు మనిషి ఆ ఇబ్బందిని ఎలాగోలా తగ్గించుకోవాలి. చేసే తీరు మార్చుకునే వీలు లేకపోతే నమ్మకాన్నే సర్దుకుంటాడు: 'కంపెనీకే లేని పట్టింపు నాకెందుకు?' ఇది సోమరితనం కాదు, తట్టుకునే మార్గం. తాడు వచ్చాక చేసే తీరు మార్చుకునే వీలు చేతికందింది. నమ్మకాన్ని వంచుకోవలసిన అవసరం తీరింది. నుమ్మీ తొలి రోజుల్లో టొయోటా తరఫున పనిచేసిన అమెరికన్ మేనేజర్ జాన్ షుక్ తర్వాత ఇదే అన్నాడు: ముందు ఆలోచన మార్చి దాంతో చేసే తీరు మార్చడం కంటే, ముందు చేసే తీరు మార్చితే ఆలోచన దాని వెంట వస్తుంది.

తాడు కట్టి, లాగినప్పుడు ఎవరూ రాకపోతే అది తాడు లేకపోవడం కంటే అధ్వాన్నం. లాగాక లీడర్ సెకన్లలో చేరాలి. చేరాలంటే ఒక్కో లీడర్ కింద ఐదారుగురే ఉండాలి. పాతికమందికి ఒక సూపర్‌వైజర్ ఉన్న చోట ఆండాన్ పెట్టినవాళ్లు మూడు వారాల్లో దాన్ని అలంకారం చేసుకుంటారు. మన దగ్గరా చాలా షెడ్లలో ఆ దీపాలు వెలగకుండా వేలాడుతుంటాయి. కారణం చాలావరకు ఈ నిష్పత్తే.

రెండోది ప్రామాణిక పని. పాత ఫ్యాక్టరీలో 80 మందికి పైగా ఇండస్ట్రియల్ ఇంజినీర్లు ఉండేవారు. వాళ్లు స్టాప్‌వాచ్ పట్టుకుని వస్తే పనివాడు కావాలనే నెమ్మదించేవాడు. ఇంజినీరుకూ అది తెలుసు, కాబట్టి లెక్క బిగించి రాసేవాడు. ఇద్దరూ ఒకరినొకరు మోసం చేసుకోవడమే పద్ధతి అయింది. నుమ్మీలో ఆ వాచ్ టీమ్ చేతికి వెళ్లింది. టీమ్ సభ్యులే ఒకరి పనిని మరొకరు కొలుస్తారు, ముక్కలుగా విడదీస్తారు, సురక్షితంగా, తక్కువ కదలికలతో అయ్యే క్రమాన్ని ఎంచుతారు, కాగితం మీద రాస్తారు. ఇంకో షిఫ్ట్ టీముతో కూర్చుని ఒకే క్రమం ఖాయం చేసుకుంటారు. ఎవరైనా మెరుగైన దారి చెబితే కాగితం మారుతుంది.

విచిత్రమేమంటే దీనివల్ల పని తేలిక కాలేదు. 60 సెకన్ల చక్రంలో పనివాడి చేతులు ఆడే సమయం 57 సెకన్ల దాకా చేరింది. పాత పద్ధతిలో అంతకంటే బాగా తక్కువ. పనిని గడియారంతో కొలిచే పద్ధతి తెచ్చిన ఫ్రెడరిక్ టేలర్ కాలం నాటి విసుగు పుట్టించే, ముక్కలు చేసిన, గడియారం కింద నడిచే పనే అది. సంతృప్తి పుస్తకాలు చెప్పే 'వైవిధ్యం, స్వేచ్ఛ' ఇందులో పెద్దగా లేవు. అయినా పనివాళ్లు దాన్ని తమదిగా చెప్పుకున్నారు. పని రూపం కంటే ఆ రూపాన్ని ఎవరు రాశారన్నది వైఖరిని ఎక్కువగా నిర్ణయించింది. సలహాల పథకం దీనికి కొలత: 1991లో ఉద్యోగులు 10,000కు పైగా సలహాలిచ్చారు, వాటిలో 80 శాతానికి పైగా అమలయ్యాయి. ఇక్కడ చూడవలసింది రెండో అంకె. సలహా పెట్టెలు చచ్చిపోయేది సలహాలు రాక కాదు, జవాబులు రాక.

1988: హామీకి పరీక్ష

ఏ కంపెనీ విలువల పత్రానికైనా అసలు పరీక్ష అమ్మకాలు పడిపోయినప్పుడే. నుమ్మీ చేస్తున్న షెవ్రొలే నోవా కారు సరిగా అమ్ముడుపోలేదు. 1988 ప్రాంతంలో ఫ్యాక్టరీ సామర్థ్యంలో 60 శాతం కూడా వాడకంలో లేదు. పాత ఫ్రీమాంట్ అయితే షిఫ్ట్ ఎత్తేసేవారు. నుమ్మీ ఒక్కరినీ తీయలేదు. లైన్ వేగం తగ్గించి, మిగిలినవాళ్లను శిక్షణకు, మెరుగుదల పనులకు, ఇతర షెడ్డు పనులకు మళ్లించింది.

లోపలి సర్వేలో 'నా పని, పరిసరాలు సంతృప్తిగా ఉన్నాయి' అన్నవాళ్లు 1987లో 76 శాతం, 1989లో 85, 1991లో 90. మధ్యలో ఉన్నది ఆ గడ్డుకాలమే. మంచి రోజుల్లో ఇచ్చిన బోనస్ కంటే చెడ్డ రోజుల్లో నిలబెట్టుకున్న మాట ఎక్కువ పనిచేసిందని ఆ వరసను చదవడం సబబు.

ఈ అంకెలను పట్టుకుని 'సంతృప్తి పెంచితే ఉత్పత్తి పెరుగుతుంది' అని రాసేయడం తొందరపాటు. పరిశోధకులు టిమోతీ జడ్జ్, మరి ముగ్గురు 2001లో 312 నమూనాలు, 54,000కు పైగా ఉద్యోగుల సమాచారం కలిపి చూస్తే సంతృప్తికీ పనితీరుకీ మధ్య సహసంబంధం (0 అంటే ఏ సంబంధమూ లేదు, 1 అంటే పూర్తి సంబంధం) 0.30 దగ్గర తేలింది. ఉంది, కానీ మధ్యస్థం. దిశ కూడా ఒకటే కాదు: పని సవ్యంగా సాగితే సంతృప్తి వస్తుంది, సంతృప్తి ఉంటే పని సవ్యంగా సాగుతుంది. నుమ్మీలో వరస చూస్తే నాణ్యత, ఉత్పాదకత 1986కే దారికొచ్చాయి. సంతృప్తి 1991 దాకా నెమ్మదిగా ఎక్కుతూ వచ్చింది.

పది శాతం వైపు నుంచి

90 శాతం సంతృప్తి అన్నచోట మిగిలిన పది శాతం ఎవరని అడగాలి. యూనియన్ స్థానిక శాఖలో యాజమాన్యంతో సఖ్యతగా ఉండే వర్గానికి ఎదురుగా మొదటి నుంచీ ఒక ప్రతిపక్ష వర్గం ఉంది. వేగం ఎక్కువైందని, టీమ్ పేరుతో తోటివాళ్లనే కాపలా పెడుతున్నారని వాళ్ల వాదన. ఆ వాదనకు 1993 మోడల్ మార్పులో బలం చేకూరింది. కొత్త మోడల్ లైన్ మీదికి వచ్చేటప్పుడు చేతులు, మణికట్టు, నడుము గాయాలు పెరిగాయి. భాగాలు సరిపడకపోవడం, పని క్రమం ఇంకా కుదరకపోవడం, అలవాటు లేకుండానే వేగం పెంచడం ఇందుకు కారణాలు. పనులు మార్చుకోవడం కూడా సరిగ్గా అవసరమైన ఆ వారాల్లోనే తగ్గింది, ఎందుకంటే ఒక్కొక్కరికి ఒక్క పని నేర్పడానికే టైమ్ చాలలేదు. కాలిఫోర్నియా కార్మిక భద్రతా విభాగం కంపెనీకి నోటీసు ఇచ్చింది. తర్వాత 1995 ట్రక్ మోడల్‌కు శరీరం మీద పడే భారం లెక్కలను డిజైన్ దశలోనే, పనివాళ్లను కూర్చోబెట్టుకుని చూసుకున్నారు.

ఇందులో సర్వే నిర్వహించేవాళ్లకు ఒక హెచ్చరిక ఉంది. సంతృప్తి సగటు బాగున్న చోట మణికట్టు నొప్పి కనిపించదు. కంపెనీ మీద మంచి వైఖరి ఉన్నవాడు నొప్పిని ఆలస్యంగా చెబుతాడు, టీముకు భారమవుతానని. నిబద్ధత ఎక్కువైనకొద్దీ ఇలాంటి మౌనం కూడా పెరిగే వీలుంది. అందుకే వైఖరి సర్వేను ఆరోగ్య రికార్డు పక్కన పెట్టుకుని చదవాలి.

వాన్ నైస్‌లో ఎందుకు కుదరలేదు

జీఎం ఇదే నమూనాను దక్షిణ కాలిఫోర్నియాలోని వాన్ నైస్ ఫ్యాక్టరీలో 1987లో పెట్టింది. టీములు, వర్గీకరణల కుదింపు, అన్నీ అవే. కానీ అక్కడ టీమ్ పద్ధతి వచ్చింది 'ఒప్పుకోకపోతే మూసేస్తాం' అన్న నీడలో. యూనియన్ రెండుగా చీలింది. సీనియారిటీ పోతుందని ఒక వర్గం, ఉద్యోగం మిగులుతుందని ఇంకో వర్గం. సూపర్‌వైజర్ల బుద్ధి మారలేదు: లైన్ ఆపితే ముఖం చిట్లించడమే. 1992లో అది మూతపడింది.

ఒకే ఏర్పాటు రెండు చోట్ల రెండు అర్థాలు తెచ్చుకుంది. ఫ్రీమాంట్‌లో టీమ్ అంటే హామీకి బదులు. వాన్ నైస్‌లో టీమ్ అంటే బెదిరింపుకు లొంగుబాటు. పనివాడి నమ్మకంలో ఆ ఏర్పాటు దేనికి గుర్తో తేల్చుకోకుండా దాని బొమ్మను మాత్రం దించుకుంటే వైఖరి ఎదురు తిరుగుతుంది.

నుమ్మీ కథ కూడా అంతటితో ఆగలేదు. 2009లో దివాలా తీసిన జీఎం భాగస్వామ్యం వదులుకుంది, టొయోటా కూడా తప్పుకుంది. 2010 ఏప్రిల్ 1న చివరి కరోలా కారు లైన్ దిగింది. సుమారు 4,700 మంది ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది ఆ షెడ్డును టెస్లా కొనుక్కుంది. మూతపడుతుందని తెలిసిన నెలల్లో కూడా నాణ్యత పడిపోలేదు. 25 ఏళ్లు రోజూ తాడు లాగిన చేతులు ఆఖరి నెలల్లో సీసా పడేయలేదు.

మన షెడ్డులో కొలవాలంటే

ఈ కేసు చదివి సర్వే చేయాలనుకునే హెచ్‌ఆర్ వాళ్లకు తెలుగులో వచ్చే చిక్కులు వేరు. ముందు పదం సంగతి. 'మీరు సంతృప్తిగా ఉన్నారా?' అనడిగితే నూటికి అరవైమంది 'ఫర్వాలేదండి' అంటారని ముందే అనుకుని ప్రశ్నలు తయారు చేయాలి. ఫర్వాలేదు అన్నది మధ్యస్థ సమాధానం కాదు. అడిగినవాడి మొహం చూసి ఇచ్చే మర్యాద. 'సర్దుకుపోతున్నాం' అయితే ఇంకా లోతైనది, అది చాలాసార్లు అసంతృప్తే. కాబట్టి మొత్తం మీద ఒక్క ప్రశ్న అడగడం దండగ. పని, జీతం, ప్రమోషన్, పైవాళ్లు, తోటివాళ్లు: 1969 నాటి జాబ్ డిస్క్రిప్టివ్ ఇండెక్స్ ఈ ఐదింటినీ విడిగా అడుగుతుంది, ఆ పద్ధతే మేలు. ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు చొప్పున ఇరవై చాలు. అంతకు మించితే షిఫ్ట్ చివర్లో నింపేవాడు ఒకే గడిలో నిలువుగా టిక్కులు కొట్టుకుంటూ పోతాడు.

ఇంగ్లీషు ప్రశ్నావళిలో అక్కడక్కడా తిప్పి అడిగే ప్రశ్నలుంటాయి. వాటిని యథాతథంగా తెలుగులోకి తెస్తే 'నా పని నాకు విసుగు అనిపించదు' అన్నదానికి 'ఒప్పుకోను' అని టిక్ పెట్టాలి. రెండు కాదనడాలు కలిసి చదివేవాడు తికమకపడతాడు. అలాంటి ప్రశ్నలను 'నా పని విసుగ్గా ఉంటుంది' అని సూటిగా తిప్పండి. ముందు పది మందితో చదివించి, 'దీనికి మీకు తోచిన అర్థమేమిటి?' అని వాళ్ల మాటల్లోనే చెప్పించుకోవాలి. చదువు తక్కువున్న చోట నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా బొమ్మల స్కేలు వాడొచ్చు. థియొడోర్ కునిన్ 1955లోనే అలాంటిది తయారు చేశాడు. ప్రశ్నను పైకి చదివేవాడు సూపర్‌వైజర్ మాత్రం కాకూడదు.

ఉద్యోగి నంబర్ అడగొద్దు. పేరు లేకపోయినా డిపార్ట్‌మెంట్, షిఫ్ట్, వయసు, సర్వీసు అన్నీ అడిగితే ఎవరో తెలిసిపోతుంది; పనివాళ్లకు ఆ సంగతి మనకంటే ముందు తెలుసు. పది మందికి తక్కువున్న సెక్షన్ ఫలితం విడిగా ప్రకటించకూడదు. కాంట్రాక్టు వాళ్లను వదిలేసి చేసే సర్వే వల్ల ఉపయోగం కంటే నష్టం ఎక్కువ: లైన్ మీద పక్కపక్కనే నిలబడేవాళ్లలో ఒకరికి కాగితం ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే ఆ చర్యే ఒక వైఖరిని తయారు చేస్తుంది. సమయం కూడా చూసుకోవాలి. దసరా, దీపావళి బోనస్ పడిన పదిహేను రోజుల్లో, సంక్రాంతి సెలవులు ఖరారయ్యే వారంలో చేస్తే వచ్చేది పండగ సమాచారం.

గైర్హాజరును వైఖరికి కొలతగా వాడుకోవాలంటే మొత్తం రోజులు లెక్కపెట్టొద్దు. ఒకే మనిషి టైఫాయిడ్‌తో వరసగా 15 రోజులు రాకపోవడం, మరొకడు ఒక్కోరోజు చొప్పున 15 సార్లు రాకపోవడం రోజుల్లో సమానం. వైఖరి గురించి చెప్పేది రెండోది. కాబట్టి ఎన్నిసార్లు అన్నది చూడండి. సెలవుకు ముందురోజు, తర్వాతిరోజు, సోమవారం విడిగా రాసుకోండి. ఊళ్లలో నాట్లు, కోతలు పడే వారాలను ప్రత్యేకంగా గుర్తుపెట్టండి, లేకపోతే వ్యవసాయాన్ని అసంతృప్తి కింద కొలుస్తారు.

సర్వేలో అడిగే విషయం, అంచనా వేయాలనుకునే ప్రవర్తన ఒకే స్థాయిలో ఉండాలి. 'కంపెనీ అంటే ఇష్టమేనా?' అన్న సమాధానంతో రేపు హెల్మెట్ పెట్టుకుంటాడో లేదో చెప్పలేం. అది తెలియాలంటే హెల్మెట్ గురించే, ఈ షెడ్డులో, ఈ ఎండలో పెట్టుకోవడం గురించే అడగాలి. మనస్తత్వవేత్తలు ఫిష్‌బైన్, ఐజెన్‌లు 1970లలో చెప్పిన ఈ చిన్న నియమం పట్టించుకోకపోవడం వల్లే చాలా సర్వే నివేదికలు అల్మారాల్లో మగ్గుతుంటాయి.

ఫలితాలు చేతికొచ్చాక రెండు వారాల్లోపు నోటీసు బోర్డు మీద పెట్టాలి, చెడ్డ అంకెలతో సహా. లాక్ లెక్క ప్రకారం ముఖ్యత్వం, తేడా గుణించి వరస పెట్టండి. పైనున్న మూడింటిలో కంపెనీ చేతిలో ఉన్న ఒక్కదాన్ని ఎంచి, ఎవరు, ఏ తేదీలోపు చేస్తారో ఆ కాగితం మీదే రాయండి. చేయలేనిదాన్ని చేయలేమనీ, ఎందుకో కూడా రాయండి. ఆ ఒక్కటి పూర్తయ్యేదాకా రెండో సర్వే పెట్టొద్దు, ఏడాది పట్టినా సరే.